ఎవరి లైఫ్‌టైమ్?

1995 జూలై 31న కలకత్తా రైటర్స్ బిల్డింగ్ నుంచి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌కు చేసిన ఫోనే దేశంలో తొలి సెల్ కాల్. అప్పట్లో సెల్ అంటే పోస్ట్‌పెయిడే. ఫారం నింపాలి, డిపాజిట్ కట్టాలి, సంతకం పెట్టాలి. నిమిషానికి 16 రూపాయల దాకా పడేది. అవతలివాళ్లు చేసినా బిల్లు మనకే. హైదరాబాదులో జేటీ మొబైల్స్, టాటా సెల్యులార్ వచ్చిన కొత్తల్లో, బెల్టుకు పౌచ్ తగిలించుకున్న పెద్దమనుషులు మోగిన ఫోన్ ఎత్తేవారు కాదు. నంబరు చూసి కట్ చేసి, పక్కనున్న ఎస్టీడీ బూత్‌లో దూరేవారు.

ఆ బిల్లు భయమే ప్రీపెయిడ్‌ను గెలిపించింది. కిళ్లీకొట్లో కార్డు కొని, రూపాయి బిళ్లతో బూడిదరంగు పూత గీకి, అంకెలు నొక్కితే సరి. జీతం చీటీ చూపించలేని మేస్త్రీకీ, పూలమ్మే ఆవిడకూ నంబరు దక్కింది. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక మిస్డ్ కాల్ ఓ భాషే అయిపోయింది.

నెలల తరబడి కట్టిపడేసే ఒప్పందం మాత్రం ఇంకో దారిన వచ్చింది. అదే ఏడాది జూలైలో రిలయన్స్ 501 రూపాయలకే ఫోన్ చేతిలో పెట్టింది, మిగతాది నెలనెలా కట్టమంది. రొక్కం లేనివాడికి అది చిన్న మేలేం కాదు. కాకపోతే అది సీడీఎంఏ సెట్టు. నచ్చకపోతే సిమ్ మార్చుకుందామంటే అసలు అందులో సిమ్ ఉంటేగా! జనానికి 501 గుర్తున్నంతగా తర్వాతి నెలలు గుర్తులేవు. బకాయిలు పేరుకున్నాయి.

అమెరికాలో ఈ పద్ధతే రాజ్యమేలింది. 2008లో ఐఫోన్ 3జీ అక్కడ రెండేళ్ల కాంట్రాక్టు మీద 199 డాలర్లు, ఇక్కడ 31,000 రూపాయలు. చూసి కుళ్లుకున్నాం. మిగతా ధరంతా నెలవారీ బిల్లులో దాక్కుందని తర్వాత తెలిసింది. మధ్యలో వదిలేస్తే జరిమానా. స్మార్ట్‌ఫోన్లకు వెరిజాన్ 2009లో దాన్ని 350 డాలర్లు చేసింది. ఎంఎస్‌కు వెళ్లిన మనవాళ్ల విరుగుడు ఫ్యామిలీ ప్లాన్: గుంటూరు, వరంగల్, కర్నూలు కుర్రాళ్లంతా ఒకే 'కుటుంబం'. బిల్లు ఒకడి పేరున, వసూళ్ల తలనొప్పీ వాడిదే. 2013లో టీ-మొబైల్ ఆ రెండేళ్ల ముడి విప్పింది. ఫోన్ వాయిదాలు మాత్రం విడిగా మిగిలాయి.

ఇక మన దగ్గర జరిగిన తమాషా. 2005 చివర్లో 'లైఫ్‌టైమ్' ప్రీపెయిడ్ వచ్చింది. 999 కట్టేస్తే జీవితాంతం ఇన్‌కమింగ్ అన్నారు. ఎవరి జీవితం? మనది కాదు, కంపెనీ లైసెన్సుది! ఆ గడువెప్పటికి తీరుతుందో కొనేవాళ్లకు చెప్పాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించాల్సి వచ్చింది. 2011 జనవరిలో నంబరు మార్చకుండానే కంపెనీ మారే హక్కు దేశమంతా వచ్చింది. 2016 సెప్టెంబరులో జియో దిగాక రేట్లు నేలకు దిగాయి, కంపెనీలు ఒక్కొక్కటే రాలిపోయాయి. మారే హక్కుంది, మారడానికే కంపెనీలు తగ్గాయి. 2018 చివరికి ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా నెలనెలా కనీస రీఛార్జి అన్నాయి: 28 రోజులకు 35 రూపాయలు. లైఫ్‌టైమ్ అక్కడితో సరి.

నన్నడిగితే, పాత కాంట్రాక్టు మొరటుదే గాని దానికో ఆఖరి తేదీ ఉండేది. కట్టేస్తే ఫోన్ మనదయ్యేది. ఈ రీఛార్జికి సంతకమూ లేదు, అంతమూ లేదు. 30 రోజుల ప్లాను ఒక్కటైనా పెట్టమని 2022లో ట్రాయ్ చెప్పింది. డేటా అక్కర్లేని వాళ్లకు కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాకులివ్వమని 2024 డిసెంబరులో చెప్పింది. మా అమ్మకు కావాల్సిందల్లా అదే. కానీ కొట్టువాడు 'అన్‌లిమిటెడ్ వేసెయ్యనా' అంటాడు, ఆవిడ తలూపుతుంది. వంటింటి క్యాలెండర్లో రీఛార్జి తేదీకి పెన్నుతో సున్నా చుడుతుంది. నెల మారేకొద్దీ ఆ సున్నా రెండు మూడు గళ్లు వెనక్కి జరుగుతుంది. ఈ ఏడాది అక్టోబరు కాగితం మీద రెండున్నాయి, రెండో తేదీన ఒకటి, ముప్ఫైన ఒకటి.