మామ్మ ఆదివారాలు

శ్రీకాకుళంలో ఆదివారం అంటే ముందు సెలవు కాదు, సూర్యుడు. పట్నాన్ని ఆనుకునే అరసవల్లి ఉంది. కళింగాన్నేలిన తూర్పు గాంగుల నాటి గుడి. ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ కొద్ది రోజులపాటు పొద్దుటి కిరణాలు నేరుగా లోపలికొచ్చి స్వామి పాదాల మీద పడతాయి. అంచేత మా వైపు మామ్మలకి ఆదివారప్పూట వేరే వంట ఉండేది. మాఘమాసమైతే మరీనూ! పెరట్లో ఎండ పడే చోట పిడకలు పేర్చి, ఇత్తడి గిన్నెలో పాలు పొంగించి, కొత్త బియ్యం, బెల్లం వేసి, చెరుకు గడతో కలియబెట్టి, చిక్కుడాకుల్లో స్వామికి పెట్టేవారు. ఇత్తడి, కంచు పనికి పేరుపడ్డ బుడితి దగ్గర్లోనే ఉంది. బుడితి గిన్నె ఉన్న ఇంట్లో దాన్ని తోమే హక్కు కూడా మామ్మదే, కోడలికి ఇచ్చేది కాదు.

మరి సెలవు ఆదివారమో? అది తరవాత వచ్చింది, వేరే దారిన వచ్చింది. దొరలు చర్చికి వెళ్ళే రోజు గనక కచేరీలు మూసేవారు. 1891 ఫ్యాక్టరీల చట్టంతో మిల్లు కూలీకి కూడా వారానికో రోజు విశ్రాంతి దక్కింది. ఆ దశాబ్దంలోనే మన తీరం వెంట రైలు మార్గం పడింది. కుర్రాళ్ళు నెల్లిమర్ల జనపనార మిల్లుకో, ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపుకో, ఓడెక్కి రంగూనుకో పోయారు. రంగూను పోయినవాడికి మామ్మ చేతి వంట ఎక్కడిది! దగ్గర్లో ఉన్నవాళ్ళు మాత్రం ఆదివారానికి ఇంటికి చేరేవారు. అంతకుముందు అందరూ ఒక్క బంతిని కూర్చోవాలంటే సంక్రాంతి రావాలి, పెళ్ళి రావాలి, లేదా ఎవరైనా పోవాలి.

ఆ బంతిలో తెల్లన్నమే పెద్ద విశేషం. మెట్ట పల్లెల్లో వారం పొడుగునా చోడి అంబలి, ఉల్లిపాయో పచ్చిమిరపకాయో నంజుకుని. మిగతా జిల్లాలవాళ్ళు రాగులనేవాటినే మేం చోళ్ళంటాం. అది కాకపోతే గంటెలు. వరి అన్నం పండక్కీ, చుట్టానికీ. జీతం తెచ్చే కొడుకుంటే ఆదివారానికి కూడాను. 1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం పథకం వచ్చాక వరి అన్నం రోజువారీ అయిపోయింది, అంబలి పేదరికానికి గుర్తుగా మిగిలింది. ఆ అంబలినే ఇప్పుడు పట్నంలో బళ్ళ మీద గ్లాసు లెక్కన కొనుక్కు తాగుతున్నాం. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అంది కూడా. మామ్మలు వింటే నవ్వుకునేవారు కాబోలు.

ఇక కూరలు. ఉద్దానం పనసకాయ పొట్టు కొట్టి ఆవ పెట్టిన కూర ఉంటే మరోటి అక్కర్లేదు. ఆవపిండి కూర దింపాకనే కలపాలి, పొయ్యి మీదుండగా వేశారో చేదెక్కుతుంది. కంద బచ్చలికీ ఇదే సూత్రం. ముక్కల పులుసులో బెల్లం పడాల్సిందే. మా పులుసు పాయసంలా ఉంటుందని పై జిల్లాలవాళ్ళు వెక్కిరిస్తారు. అనకాపల్లి బెల్లం అంత దగ్గర్లో పెట్టుకుని వెయ్యకుండా ఎలా ఉంటామండీ? తినే ఇళ్ళల్లో కోడికూర కూడా ఉండేది. దానికి పొయ్యి వేరు, దాక వేరు. పెరట్లో కోడలు చూసుకునేది.

ఎందుకంటే రెండు ఆదివారాలూ ఆ వంటింట్లోనే ఢీకొనేవి. పిల్లాడి కళ్ళ జబ్బుకో ఒంటి మీది మచ్చకో స్వామికి మొక్కుకున్న మామ్మకి ఆదివారం ఒంటిపూట. ఉప్పు ముట్టదు, నూనె ముట్టదు. వారం మొత్తంలో అందరూ ఆశగా ఎదురుచూసే భోజనాన్ని ఆవిడ రుచి చూడకుండా వండాలి! ఉప్పు అరచేతిలో పోసుకుని బరువు అంచనా కట్టేది. పులుసు సరిగ్గా మరిగిందో లేదో వాసన చెప్పాలి. వడ్డిస్తూ, "ఉప్పు సరిపోయిందేటర్రా?" అని అడిగేది. నోళ్ళు ఖాళీ లేక ఎవరూ పలికేవారు కారు. లేవబోయే మనవణ్ణి మాత్రం, "ఏటి, అప్పుడే? ఇంకో ముద్ద కలుపుకో" అని కూర్చోబెట్టేది.

సాయంత్రం బండికి కొడుకులు వెళ్ళిపోయేవారు. గిన్నెలన్నీ బోర్లించాక, సూర్యుడు గుంకకముందే, మామ్మ పొద్దుటి పరమాన్నం ఆకులో పెట్టుకుని కూర్చునేది.