కంపెనీకీ కొనేవారికీ నడుమ

పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019 నుంచి కార్లు తయారై దేశమంతా, విదేశాలకూ వెళ్తున్నాయి. ఆ ఫ్యాక్టరీ గోడను ఆనుకుని పొలం ఉన్న రైతు కూడా గేటు దగ్గరికెళ్లి డబ్బు కట్టి ఒక కారు తెచ్చుకోలేడు. దగ్గర్లోని పట్నానికి వెళ్లి, షోరూమ్‌లో కూర్చుని, బుకింగ్ ఫారం మీద సంతకం పెట్టాల్సిందే. ఒక కుటుంబం కొనేవాటిలో ఇల్లు, బంగారం తర్వాత ఇంత ఖరీదైనది కారే. అయినా దాన్ని తయారుచేసిన వాళ్ల ముఖం కొన్నవారు ఎన్నడూ చూడరు. మంచైనా చెడైనా అంతా డీలరుతోనే.

మన దేశంలో ఈ ఏర్పాటు వయసు నూరేళ్లు దాటింది. ఇన్నేళ్లలో డీలరు చాలా వేషాలు మార్చాడు. వాటన్నిటినీ వరసగా చూస్తే నాకు కనిపించే సూత్రం ఒక్కటే. కార్లకు కొరత ఉన్న రోజుల్లో డీలరు కొనేవారి మీద పెత్తనం చేశాడు. కొనేవారికి కొరత వచ్చిన రోజుల్లో కంపెనీ డీలరు మీద పెత్తనం చేస్తోంది.

మొదట్లో కారంటే రాజుల, దొరల సరదా. హైదరాబాదు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ రోల్స్‌రాయిస్ కంపెనీకి సింహాసనం లాంటి ఆసనమున్న సిల్వర్ గోస్ట్ కారు ఆర్డరిచ్చి, అది చేతికి రాకముందే 1911లో కన్నుమూశాడు. చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లేవారు ఇప్పటికీ దాన్ని చూస్తారు. అలాంటి కొనుగోళ్లు లండన్‌తో ఉత్తరాల మీద నడిచిపోయేవి. జమీందారులు, వకీళ్లు, డాక్టర్లు కార్లు కొనడం మొదలుపెట్టాకే ఇక్కడే ఉండి అమ్మే మనిషి అవసరమయ్యాడు. ఆంధ్ర జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి కాబట్టి మనవాళ్లకు కార్ల అంగడి అంటే మద్రాసు మౌంట్ రోడ్డే. అక్కడి సింప్సన్ కంపెనీ 1840లో గుర్రబ్బండ్లు కట్టే కార్ఖానాగా పుట్టింది. 1903లో శామ్యూల్ జాన్ గ్రీన్ అనే ఇంజనీరు అందులోనే ఆవిరితో నడిచే కారు తయారుచేశాడు. పక్కనే అడిసన్ కంపెనీ కూడా మోటార్ల వ్యాపారంలో పేరు తెచ్చుకుంది. గుర్రబ్బండ్లు కట్టిన చేతులే మోటారు బండ్ల పనిలోకి రావడం యాదృచ్ఛికం కాదు. ఓడ దిగిన బండిని అమ్మితే సరిపోయేది కాదు. అది రోడ్డు మీద ఆగిపోతే బాగుచేసే కార్ఖానా కూడా అమ్మినవాడి దగ్గరే ఉండాలి. అమ్మకం కంటే మరమ్మతే డీలరు అసలు పునాది. ఈ విషయం చివర్లో మళ్లీ అవసరమవుతుంది.

1926లో ఫోర్డ్, 1928లో జనరల్ మోటార్స్ బొంబాయిలో అడుగుపెట్టాక వ్యాపారానికి ఒక పద్ధతి వచ్చింది. విడిభాగాలు పెట్టెల్లో వచ్చేవి, ఇక్కడ బిగించేవారు, ప్రాంతానికొక డీలరు అమ్మేవాడు. దక్షిణాదిలో ఈ పద్ధతిని బాగా ఒడిసిపట్టింది టి.వి. సుందరం అయ్యంగార్ కుటుంబం. ఆయన 1911లో మదురైలో బస్సు సర్వీసుతో మొదలుపెట్టాడు. తర్వాత ఆ కుటుంబం జనరల్ మోటార్స్ వాహనాలకు పెద్ద డీలరైంది. ఆ ఇంటి నుంచే 1954లో సుందరం ఫైనాన్స్, 1962లో బ్రేకులు తయారుచేసే సుందరం క్లేటన్ వచ్చాయి. డీలరుగా ఉన్న మనిషికి రెండు సంగతులు అందరికంటే ముందు తెలుస్తాయి. ఏ భాగం త్వరగా అరిగిపోతుందో తెలుస్తుంది. ఎవరికి బండి కావాలో, వారి చేతిలో ఎంత డబ్బు తక్కువపడుతోందో తెలుస్తుంది. మద్రాసు చుట్టూ ఆటోమొబైల్ పరిశ్రమ ఎదగడంలో డీలర్ల ఈ అనుభవానికి పెద్ద పాలుందని నా నమ్మకం. ఆ పాలును మన పారిశ్రామిక చరిత్రలు తక్కువగా చెప్పాయి.

స్వాతంత్ర్యం తర్వాత కథ తిరగబడింది. ఇక్కడే కారు తయారుచేసే పథకం ఉన్న కంపెనీలకే చోటని 1953లో కేంద్రం తేల్చడంతో ఫోర్డ్, జనరల్ మోటార్స్ దుకాణం కట్టేశాయి. మిగిలినవి ప్రధానంగా మూడు. హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్, ప్రీమియర్ వారి ఫియట్, మద్రాసులో స్టాండర్డ్. ఎన్ని కార్లు చేయాలో లైసెన్సు చెప్పేది. కొనాలనుకునేవారు అంతకంటే చాలా ఎక్కువ. ముఖ్యంగా ఫియట్ కోసం ఏళ్లు గడిచేవి. 1959లో మోటారు కార్ల పంపిణీ, అమ్మకాల మీద నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. 1969లో ధరలను కూడా ప్రభుత్వమే నిర్ణయిస్తే కంపెనీలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి.

అమ్మడానికి సరుకే లేనప్పుడు డీలరు చేసే పనేమిటి? రిజిస్టరులో పేరు రాసుకోవడం, వరుస కాపాడడం, లేదా కాపాడకపోవడం. ఆ పాతికేళ్లలో డీలరు దాదాపు రేషను డీలరులా మారాడు. రంగు ఎంచుకునే ప్రసక్తి లేదు, వచ్చిందే తీసుకోవాలి. టెస్ట్ డ్రైవ్ మాట ఎవరూ ఎరగరు. కొత్త బండి ఇంటికి రాగానే నమ్మకమైన మెకానిక్‌కు చూపించి నట్లు బిగింపించుకోవడం ఆనాటి కుటుంబాల్లో మామూలే. వంతు వచ్చినవారు బండిని ప్రీమియం మీద అమ్ముకునేవారు. పాత కారు ధర కొత్తదాన్ని మించిన సందర్భాలున్నాయి. స్కూటర్లదీ ఇదే కథ. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న బంధువు డాలర్లలో కడితే బజాజ్ చేతక్ వరుస దాటి వచ్చేది. కొరత మనుషుల్ని ఎంత చిన్నబుచ్చుతుందో ఆ తరానికి బాగా తెలుసు. డబ్బు చేతిలో పట్టుకుని బతిమాలుకోవాల్సిన వ్యాపారం అది.

1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ మారుతి 800 తాళాలు తొలి కొనుగోలుదారుకు అందించారు. ధర రూ.47,500. అంతకు ముందే పదివేల రూపాయల చొప్పున కట్టి లక్షకు పైగా జనం బుక్ చేసుకున్నారు. కాబట్టి క్యూ పోలేదు, ప్రీమియమూ పోలేదు. మారింది షోరూమ్. అమ్మకం, సర్వీసు, స్పేర్ పార్టులు మూడూ ఒకే కప్పు కింద ఉండాలని మారుతి తన డీలర్లకు నిబంధన పెట్టింది. మెకానిక్‌లకు శిక్షణ ఇప్పించింది. మరమ్మతుకు ఎంత తీసుకోవాలో కంపెనీయే చెప్పింది. బండి కొన్న చోటికే సర్వీసుకు తీసుకెళ్లే అలవాటు మన మధ్యతరగతికి అలా అబ్బింది. నా దృష్టిలో ఆ కారు ఎంత పెద్ద మార్పో, ఈ సర్వీసు వ్యవస్థా అంతే పెద్దది. దాని గురించి మాత్రం తక్కువ మాట్లాడుకుంటాం.

1993లో కార్ల తయారీకి లైసెన్సు అక్కర్లేదన్నారు. దేవూ, ఫోర్డ్, హ్యుందయ్, హోండా వచ్చాయి. అంతకంటే పెద్ద మార్పు అప్పు. అప్పటి వరకు జీవితకాలం కూడబెట్టి కొన్న కారు ఇప్పుడు జీతగాడికి నెలవారీ కిస్తీ మీద దొరికింది. బ్యాంకుల మనుషులు షోరూమ్‌లోనే బల్లలు వేసుకుని కూర్చున్నారు. పాత బండి ఎక్స్‌ఛేంజ్ వచ్చింది, 2001లో మారుతి ట్రూ వాల్యూ తెరిచింది. క్రమంగా షోరూమ్ ఆదాయంలో బండి వాటా తగ్గి, బండి చుట్టూ ఉన్నవాటి వాటా పెరిగింది. కారు మీద డీలరుకు మిగిలే మార్జిన్ నూటికి కొద్ది రూపాయలే ఉంటుంది. లోను కమిషను, ఇన్సూరెన్సు, సీట్ కవర్లు, పొడిగించిన వారంటీ, సర్వీసు, వీటితోనే అతని బతుకు నడుస్తుంది.

కొనేవారికి మంట పుట్టించేదీ అక్కడే. ఎక్స్-షోరూమ్ ధర అని ప్రకటనలో చూసి వెళ్తే ఆన్-రోడ్ ధర అంతకంటే చాలా ఎక్కువగా ఉంటుంది. అందులో లైఫ్ ట్యాక్స్, టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్), రిజిస్ట్రేషన్ ఫీజు న్యాయంగా ప్రభుత్వానికి పోయేవి. వాటి మధ్య హ్యాండ్లింగ్ చార్జీలని ఒక వరుస దూరుతుంది. చట్టంలో దానికి ఆధారం లేదు. మన రెండు రాష్ట్రాల్లో ఏళ్ల తరబడి ఫిర్యాదులు వస్తున్నా అది పేరు మార్చుకుని తిరిగి వస్తూనే ఉంది. ఇన్సూరెన్సు మా దగ్గరే తీసుకోవాలని ఒత్తిడి చేసే డీలర్లూ ఉన్నారు. డీలర్ల ద్వారా సాగే ఈ వ్యాపారాన్ని ఒక పద్ధతిలో పెట్టడానికి ఇన్సూరెన్సు నియంత్రణ సంస్థ 2017లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. పాలసీ ఎక్కడ తీసుకోవాలన్నది కొనేవారి ఇష్టమే. 2019 మోటారు వాహనాల చట్ట సవరణతో, డీలరు అమ్మిన కొత్త బండిని రిజిస్ట్రేషను కోసం ఆర్టీఏ ఆఫీసుకు తోలుకెళ్లే అవసరం పోయింది. ఇది మంచి మార్పు. అదే సమయంలో ఒకప్పుడు ప్రభుత్వ కిటికీ దగ్గర జరిగిన పని షోరూమ్ బల్ల మీదికి వచ్చింది. అక్కడి రశీదును ఒక్కో పంక్తీ చదివి చూసుకోవాల్సిన అవసరం కూడా పెరిగింది.

డీలరును దోషిగా నిలబెట్టి ఊరుకుంటే సగం కథే చెప్పినట్టు. ప్రతి నెలా ఒకటో తేదీన పత్రికల్లో వచ్చే ‘అమ్మకాల’ అంకెలు చాలావరకు కంపెనీలు డీలర్లకు పంపిన బండ్ల లెక్కలు. అంటే డీలరు తన డబ్బుతో, ఎక్కువగా బ్యాంకు అప్పుతో, ముందే కొన్నవి. అవి అమ్ముడుపోకపోతే వడ్డీ అతనిది, స్థలం అద్దె అతనిది. 1964లో ఏర్పడిన డీలర్ల సమాఖ్య ఫాడా, నిజంగా రిజిస్టరైన బండ్ల లెక్కను విడిగా ప్రకటించడం మొదలుపెట్టింది అందుకే. (తెలంగాణ రవాణా శాఖ వివరాలు కేంద్ర వాహన్ వ్యవస్థలో లేనందున ఆ లెక్కల కింద ‘తెలంగాణ మినహా’ అన్న గమనిక ఏళ్ల తరబడి ఉంటూ వచ్చింది.) 2024 సెప్టెంబరులో డీలర్ల దగ్గర దాదాపు 7.9 లక్షల కార్లు, సుమారు రూ.79,000 కోట్ల సరుకు పేరుకుపోయిందని ఫాడా చెప్పింది. 2017 మార్చి 29న సుప్రీంకోర్టు ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 వాహనాలు అమ్మరాదని ఆదేశించినప్పుడు లక్షల బండ్లు, ఎక్కువగా టూవీలర్లు, గోదాముల్లో ఉండిపోయాయి. మిగిలిన రెండు రోజుల్లో జనం షోరూమ్‌ల మీద పడి భారీ తగ్గింపులకు కొనుక్కున్నారు.

2021 సెప్టెంబరులో ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నామని ప్రకటించింది. 170 మంది డీలర్లు పెట్టుబడిగా పెట్టిన సుమారు రూ.2,000 కోట్లు, 40,000 మంది ఉద్యోగాలు ప్రమాదంలో పడ్డాయని ఫాడా మొత్తుకుంది. అమెరికాలో డీలర్లకు రక్షణగా 1956 నుంచే కేంద్ర చట్టముంది. మన దగ్గర అలాంటిది లేదు. తగ్గింపు ఎంత ఇవ్వాలో కూడా డీలరు సొంతంగా నిర్ణయించుకోలేని పరిస్థితి మరొకటి. కొనుగోలుదారుల వేషంలో మనుషుల్ని పంపి, ఎక్కువ తగ్గింపు ఇచ్చిన డీలర్లకు జరిమానా వేసిందని తేల్చి, కాంపిటీషన్ కమిషన్ 2021 ఆగస్టులో మారుతి సుజుకికి రూ.200 కోట్ల పెనాల్టీ విధించింది. ఆ తగ్గింపులు నిలిచిపోతే నష్టపోయింది డీలరొక్కడే కాదు, కొనడానికి వచ్చిన కుటుంబం కూడా.

ఈ ఇద్దరి మధ్య కొనేవారు ఎలా పడిపోతారో అదే ఏడాది ఫిబ్రవరిలో వచ్చిన ఒక సుప్రీంకోర్టు తీర్పు చూపిస్తుంది. గోవాలో ఒక కొనుగోలుదారుకు 2011 మోడల్ అని చెప్పి 2009లో తయారైన కారు అంటగట్టారు. టాటా మోటార్స్‌కూ ఆ డీలరుకూ మధ్య ఒప్పందం ఇద్దరు స్వతంత్ర వ్యాపారుల మధ్య ఒప్పందం కాబట్టి, ఈ మోసం కంపెనీకి తెలుసని రుజువు కాకుండా దాని మీద బాధ్యత మోపలేమని కోర్టు చెప్పింది. ఒప్పంద న్యాయం ప్రకారం అది సరైనదే కావచ్చు. కానీ షోరూమ్ మీద పెద్ద అక్షరాల్లో కంపెనీ పేరు ఉంటుంది, డీలరు పేరు పక్కన చిన్నగా ఉంటుంది. మనిషి ఆ పెద్ద పేరును నమ్మే లోపలికి వస్తాడు. పేరు వాడుకుంటున్నంత మేరకైనా బాధ్యత కంపెనీ మీద ఉండాలని, దానికి చట్టమే మారాలని నేను గట్టిగా నమ్ముతాను.

2021 అక్టోబరులో మెర్సిడెస్-బెంజ్ మన దేశంలో కొత్త దారి తొక్కింది. సరుకు కంపెనీదే, బిల్లు కంపెనీదే, దేశమంతా ఒకే ధర. డీలరు కమిషను తీసుకుని బండి చూపించి, డెలివరీ ఇచ్చి, సర్వీసు చేస్తాడు. వడ్డీ భారం అతని నెత్తి మీద నుంచి దిగింది. బేరమాడే అధికారమూ దిగిపోయింది. ఓలా ఎలక్ట్రిక్ ఇంకా ముందుకెళ్లి, బయటి డీలర్లు లేకుండా తన స్కూటర్లను ఆన్‌లైన్‌లో, సొంత కేంద్రాల్లో అమ్మింది. అమ్మకం సులువుగానే సాగింది. తర్వాత సర్వీసు దగ్గర ఇబ్బంది మొదలైంది. 2023 సెప్టెంబరు నుంచి ఏడాది కాలంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఆ సంస్థ మీద 10,644 ఫిర్యాదులు వచ్చాయని, 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నోటీసిచ్చింది. వాటిలో 99 శాతం పరిష్కరించామని కంపెనీ జవాబిచ్చింది. మౌంట్ రోడ్డులో గుర్రబ్బండ్ల కార్ఖానా మోటార్లకు మళ్లిన రోజుల్లో ఉన్న ప్రశ్నే ఇప్పుడూ ఉంది. బండి ఆగిపోతే ఎవరి గడప తొక్కాలి? అమ్మకాన్ని డీలరు నుంచి తీసేసుకునే కంపెనీలు నరసరావుపేటలోనో నిర్మల్‌లోనో ఆ గడపను ఎలా నిలబెడతాయో ముందు చెప్పాలి.