ఆత్మరక్షణ హక్కు – శిక్షణలో తెలుసుకోవలసిన పరిమితులు

2024 జూలై 1 నుంచి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు గల సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును వివరిస్తున్నాయి. అంతకు పూర్వం ఈ నిబంధనలు భారత శిక్షాస్మృతిలోని 96 నుంచి 106 సెక్షన్లలో ఉండేవి.

తన శరీరాన్నే గాక ఇతరుల శరీరాన్ని, ఆస్తిని కాపాడుటకు కూడా ఈ హక్కు వర్తిస్తుంది. అత్యాచారం, అపహరణ ఉద్దేశంతో జరిగే దాడిని, యాసిడ్ దాడిని ఎదిరించే క్రమంలో దుండగుడు మరణించినా, చట్టపరిమితులకు లోబడి అది నేరం కాదు. అయితే రక్షణకు అవసరమైన దానికి మించి హాని కలిగించరాదు. పోలీసుల రక్షణ పొందుటకు తగిన వ్యవధి ఉన్నప్పుడు ఈ హక్కు లభించదు. ప్రమాదం పూర్తిగా తొలగిన తరువాత కొట్టే దెబ్బ ఆత్మరక్షణ కాబోదు.

కావున శిక్షణ పొందేవారు దాడి చేయుట కన్నా పట్టు విడిపించుకొనుట, బిగ్గరగా కేకలు వేయుట, జనం ఉన్న చోటికి చేరుట, 112 నంబరుకు ఫోన్ చేయుట ముందుగా అభ్యసించాలి. సంఘటన ఎక్కడ జరిగినా ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు చేయవచ్చును.

పోలీసు సిబ్బందికి సైతం ఇటువంటి పరిమితి ఉన్నది. భారతీయ నాగరిక సురక్షా సంహిత 46వ సెక్షన్ ప్రకారం, అరెస్టయిన వ్యక్తి పారిపోకుండా ఆపుటకు అవసరమైన దానికి మించి నిర్బంధించరాదు. బలాన్ని ఎక్కడ ఆపాలో తెలుసుకొనుట ఇరువురి శిక్షణలోనూ ప్రధానాంశం.