పూటకూటి యింటినుండి అయిదు రూపాయల భోజనము వరకు

పెద్ద పట్టణమున క్రొత్తగా కాలు పెట్టినవానికి రెండు విషయములు వెంటనే తెలియవలెను. రాత్రి తల దాచుకొనుటకు చోటెక్కడ? చేతిలోని కొద్దిపాటి డబ్బుతో కడుపు నిండ అన్నము పెట్టు ఇల్లెక్కడ? మొదటిదానికి రైలు స్టేషను వసారా యైనను ఒక రాత్రికి సరిపోవును. రెండవదానికి ఎవరినో ఒకరిని అడుగక తప్పదు. ఇట్లు అడుగుటకును, తెలిసినవారు చెప్పుటకును మన ఆంధ్రదేశమున ఆఱువందల యేండ్ల చరిత్ర కలదు. దానిని చెప్పు శాసనములు అరుదు. కావ్యములలో, నాటకములలో, స్వీయచరిత్రలలో, చట్టములలో మాత్రము అక్కడక్కడ దాని జాడలు కన్పట్టును. ఆ జాడలను పట్టుకొని, విజయవాడలో ఏలూరు దారిని ఉన్న గుణదల వరకు నడచి వచ్చుటయే ఈ ప్రసంగమున మేము తలపెట్టిన పని.

మన పెద్దలు అన్నదానమును ఎంతయో పొగడిరి. అన్నమును వెలకు అమ్ముటను మాత్రము చిన్నచూపు చూచిరి. బాటసారికి సత్రము, యాత్రికునకు గుడి ప్రసాదము, బీదవిద్యార్థికి వారములు – ఇవి ఆనాటి యేర్పాట్లు. వారములు చేసికొనుట యనగా ఏడు దినములకు ఏడిండ్లు కుదుర్చుకొని, దినమున కొక యింట తినుచు చదువుకొనుట. ఇట్లు చదువుకొని పెద్దవారైనవారు మన దేశమున పెక్కురు గలరు. కాని ఈ దానమునకు హద్దులు గలవు. సత్రమున కొలది దినములు మాత్రమే యుండనిత్తురు. కొన్ని సత్రములు ఒక కులమువారి కొఱకే కట్టినవి. వారము పెట్టు గృహస్థు కులగోత్రములు అడుగక మానడు. వ్యాపారమునకో, వ్యాజ్యమునకో, కూలికో పట్టణమునకు వచ్చి నెలల తరబడి నిలువవలసిన సామాన్యుడు ఎవరి గడప త్రొక్కవలెను? దానము చేయి చాపలేని ఈ చోటనే వెలకు అన్నము పెట్టు ఇల్లు వెలసినది.

అట్టి ఇంటిని గూర్చి మనకు దొరకు చక్కని వర్ణనము క్రీడాభిరామమున కలదు. ఆ గ్రంథము వినుకొండ వల్లభరాయని దందురు. శ్రీనాథుని దనువారును గలరు. కర్త ఎవరైనను, కాకతీయుల రాజధానియైన ఓరుగల్లు వీథులను అది కన్నులకు కట్టించును. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి యను మిత్రు లిరువురు నగరమున తిరుగుచు కన్నవన్నియు చెప్పుకొందురు. అందులో లక్ష్మణవజ్ఝల పూటకూటి యిల్లు ఒకటి. ఒక రూక యిచ్చినచో అక్కడ లభించు వడ్డనలను కవి పూసగ్రుచ్చినట్లు చెప్పెను. కర్పూరభోగి బియ్యపు అన్నము, గోధుమపిండి వంట, పిడికెడు పంచదార, అప్పుడే కాచిన నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు విధముల నంజుళ్ళు, గడ్డపెరుగు – ఇంతయు ఒక్క రూకకే.

ఇందు మూడు సంగతులు గమనింపదగియున్నవి. ఆ యింటి పేరు ఊరిలో పదిమందికి తెలియును. వెల ముందే నిర్ణయమై యున్నది. ఆ వెలకు విస్తరిలోనికి ఏమేమి వచ్చునో తినవచ్చినవానికి తెలియును. నేటి భోజనశాల గోడమీద వ్రేలాడు ధరల పట్టికలో నున్నదియు ఇదియే. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో ఇట్టి కావ్యములను త్రవ్వి మన తాతల తిండితీరులను బయటికి తీసిరి. 1955లో తెలుగునకు తొలి సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది ఆ గ్రంథమునకే. జనుల అన్నమును గూర్చిన వ్రాతయు చరిత్రయే యని దానితో లోకము ఒప్పుకొనినది.

పూటకూళ్ళు అను మాటలోనే దాని అర్థము కలదు. కూడు అనగా అన్నము. పూటకు ఇంత యని సొమ్ము పుచ్చుకొని పెట్టు కూడు పూటకూడు. ఈ వృత్తిని చేపట్టినవారిలో మగదిక్కు లేని స్త్రీలు, అందును వితంతువులు, అనేకులు. ఆనాటి సంఘము వారికి చదువు నీయలేదు, ఉద్యోగము నీయలేదు, పునర్వివాహము నీయలేదు. వారి చేతిలో మిగిలినది వంట ఒక్కటే. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో మొదటిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చుపడి, 1909లో మార్పులతో పునర్ముద్రిత మైనది. అందలి పూటకూళ్ళమ్మను ఎఱుగని తెలుగువా రరుదు. సరకులకని ఆమె యిచ్చిన సొమ్మును గిరీశము వేఱు త్రోవ పట్టించును. ఆమె చీపురుకట్ట పుచ్చుకొని అతనిని వెదకుచు వచ్చును. రంగస్థలము ముందు కూర్చున్న మనము నవ్వుదుము. కాని ఆ యింటి ఖాతాను ఒక్కసారి తలచుకొనుడు. బియ్యము, కట్టెలు, నేయి రొక్కమునకు కొనవలెను; తినిపోయినవాడు నెల తిరిగిన తరువాత ఇచ్చిన ఇచ్చినట్లు, లేనిచో లేదు. తిన్నవాడు దొరబాబు, పెట్టినది పూటకూళ్ళమ్మ. లోకము ఆమెను ఆ పేరుతోనే ఎత్తిపొడిచినది.

ఈ ఎత్తిపొడుపునకు చరిత్ర చెప్పిన సమాధాన మొకటి విజయవాడ ప్రజల కన్నుల ముందే యున్నది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1872లో జన్మించిరి. చిన్ననాడే తండ్రి గతింపగా, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూటి యిల్లు నడపి బిడ్డలను పెంచిరి. ఆ విస్తళ్ళ మీద పెరిగిన బాలుడు న్యాయవాదియై, స్వాతంత్ర్య సమరమున ఆంధ్రకేసరి యనిపించుకొని, 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్రరాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రి యయ్యెను. 1852–55 సంవత్సరములలో బెజవాడయొద్ద కృష్ణకు కట్టిన ఆనకట్ట పాతబడగా, దానికి బదులు నిర్మించిన బరాజు 1957 డిసెంబరులో ప్రారంభమైనది. ప్రకాశంగారు ఆ సంవత్సరము మే నెలలోనే కన్నుమూసిరి. బరాజునకు ఆయన పేరు పెట్టిరి. కృష్ణా డెల్టా వరిచేలకు నీరు వదలు తూముల మీద ఒక పూటకూళ్ళమ్మ కుమారుని పేరున్నది. అంతకంటె ఉచితమగు స్మారకచిహ్నము మాకు తోచుట లేదు.

ఆ ఆనకట్టయే బెజవాడను నగరముగా పెంచినది. కాలువలు పారి ధాన్యము రాశులు పడినవి. ఆ కాలువలమీదనే పడవలు సరకును చేరవేసినవి. 1888లో పురపాలక సంఘ మేర్పడినది. 1889లో హైదరాబాదు వైపునుండి రైలు వచ్చినది. 1893లో కృష్ణపై రైలు వంతెన నిలిచినది. 1899 నాటికి మదరాసుతో సంబంధము కలిసినది. నాలుగు దిక్కుల రైళ్ళు కలియు కూడలిలో బండి మారుటకు దిగినవారు, ధాన్యపు వర్తకులు, గుమాస్తాలు, కూలీలు, విద్యార్థులు – వీరందఱికిని పూటపూటకు అన్నము కావలెను. చుట్టములున్నవారు చుట్టముల యిండ్లకు పోయిరి. లేనివారికి పూటకూటి యిండ్లే చుట్టములైనవి. ఇట్టి యింటికి బల్ల కట్టవలసిన పనిలేదు. జట్కావాడును, స్టేషను కూలియు, ముందు వచ్చి కుదురుకొన్న సొంతయూరివాడును దారి చెప్పుదురు.

ఇరువదవ శతాబ్దమున కాఫీ హోటలు వచ్చినది. ఇడ్లీ, దోసె, ఉప్మా, కాఫీ నిమిషములలో చేతికి వచ్చుట ఒక క్రొత్త వింత. దక్షిణ కన్నడమునందలి ఉడిపి ప్రాంతమువారు ఈ వ్యాపారమున ఆఱితేరి నగర నగరమునకు విస్తరించిరి. వంటయింటి పనివాడుగా మదరాసు చేరిన కె. కృష్ణారావుగారు 1938లో వుడ్‌లాండ్స్ హోటలును నెలకొల్పుట ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము. మన బెజవాడ గాంధీనగరమున వెన్నతో ఇడ్లీ పెట్టు బాబాయి హోటలు ఇంటి పిలుపునే పేరుగా ధరించి జనులను ఆకర్షించినది. పరాయివాడు పెట్టు తిండి కాదు, బాబాయి పెట్టు తిండి యన్న ధైర్యము ఆ పేరున కలదు.

అయితే చౌక యన్నది డబ్బుతో మాత్రమే కొలువదగినది కాదు. ఆ కాలపు పెక్కు హోటళ్ళలో బ్రాహ్మణులకు వేఱు గది యుండెడిది. అంటరానివారనిపించుకొన్న వారికి లోనికి ప్రవేశమే లేదు. ఉన్నచోట్ల బయట నిలువబడి వేఱు పాత్రలో పుచ్చుకొనవలసి యుండెడిది. చేతిలో అణాలు చాలినంత యున్నను, బల్లయొద్ద కూర్చుండు హక్కు లేనివానికి ఆ హోటలు ఎంత చౌకైన నేమి? ఈ అన్యాయమునకు చట్టము అడ్డుకట్ట వేసినది. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 15వ అధికరణమున దుకాణములను, భోజనశాలలను, హోటళ్ళను పేరుపెట్టి చెప్పి, కులముచేతగాని మతముచేతగాని ఎవరిని అక్కడ అడ్డగింపరాదని శాసించినది. 17వ అధికరణము అస్పృశ్యతను రద్దు చేసినది. 1955 నాటి అస్పృశ్యతా నేరముల చట్టము హోటలులో ప్రవేశము నిరాకరించుటను, అక్కడి పాత్రలు వాడనీయకుండుటను శిక్షార్హమైన నేరముగా చేసినది. చట్టము పుట్టినంత మాత్రమున రెండు గ్లాసుల పద్ధతి అంతటను మాయమైనదని చెప్పజాలము. కాని అడిగి కూర్చుండుటకు సామాన్యునకు ఒక ఆధారము దొరకినది.

ఇక గుణదల సంగతి. ఒకనాడు బెజవాడకు వెలుపల, కొండపాదమున, ఏలూరు కాలువ చెంత నున్న పల్లె అది. 1924లో అక్కడి అనాథ బాలుర శరణాలయమును నడపిన ఫాదర్ ఆర్లాటి మరియమాత ప్రతిమను నెలకొల్పిన పిమ్మట దాని పేరు దూరదేశములకు ప్రాకినది. ఏటేట ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో జరుగు తిరునాళ్ళకు లక్షల జనము వత్తురు. అందు అన్ని మతములవారును ఉందురు. 1950లలో ఆ చేరువనే ఆంధ్ర లయోలా కళాశాల వెలసినది. పిమ్మట వైద్యకళాశాల వచ్చినది. ఊరు పెరిగి పల్లెను తనలో కలుపుకొనినది. నేడు గుణదల విజయవాడ నగరపాలక సంస్థలోని ఒక పేట.

యాత్రికుడు, విద్యార్థి, రోగివెంట వచ్చిన బంధువు, కర్మాగారపు పనివాడు – వీరు మసలు పేటలో చౌక భోజనమునకు గిరాకి ఎప్పుడును తగ్గదు. పూటకూటి యిల్లు ఇప్పుడు మెస్సు అను పేరు ధరించినది. ముందు గదిలో నాలుగు బల్లలు, వెనుక వంట, పెట్టెయొద్ద ఇల్లాలు, వడ్డనకు ఇంటి పిల్లలు. నెల చందా కట్టినవారికి టిక్కెట్ల పుస్తకము. అన్నము ఇంట వండుకొని కూరలు మాత్రము కొనుక్కొనువారికి కర్రీ పాయింటు. ఉదయమున ఇడ్లీబండి. ఇవి చౌకగా నడచుటలో మంత్రమేమియు లేదు. వంటకములు నాలుగైదు మాత్రమే; అందఱికిని అవియే. కుటుంబమే పనిచేయును గనుక జీతముల భారము తక్కువ. ఇల్లే దుకాణము గనుక అద్దె కలసివచ్చును. రోజువారీ మనుషులే వత్తురు గనుక ఎంత వండవలెనో తెలియును. మిగిలి పాఱబోయుట యుండదు.

క్రొత్తవానికి ఇట్టి యింటిని కనుగొను ఉపాయము ఓరుగల్లు నాటిదే. పెద్ద బల్లలు, రంగుదీపములు చూచి లోనికి పోవుటకంటె, ఆటోలు నడుపువారు ఎక్కడ తినుచున్నారో చూడవలెను. మధ్యాహ్నము ఒంటిగంటకు నిలువబడి చోటు కొఱకు కాచుకొనువారు ఉన్నారా? నిన్న వచ్చినవారే నేడును వచ్చుచున్నారా? పులుసు రెండవమాఱు అడిగినప్పుడు వడ్డించువాని ముఖము మారుచున్నదా? ఈ మూడును తెలిసినచో వేఱు సిఫారసు అక్కరలేదు.

అయినను ఇంటి మెస్సు ధరకు క్రింద నిలిచిపోవువారు ప్రతి నగరమునను ఉందురు. వారి కొఱకు ప్రభుత్వములు పూనుకొనుట క్రొత్త కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1940 మొదలు, ఇంగ్లండులో స్థానిక సంస్థలు బ్రిటిష్ రెస్టారెంట్లను పెట్టి తొమ్మిది పెన్నీలకు మించని వెలకు భోజనము పెట్టినవి. 2013లో చెన్నై నగరపాలక సంస్థ అమ్మ ఉణవగములను తెఱచి రూపాయికి ఇడ్లీ ఇచ్చినది. 2018 జూలై 11న విజయవాడలో అన్న క్యాంటీన్లు ప్రారంభమైనవి. ఉదయము ఫలహారము అయిదు రూపాయలు. మధ్యాహ్నము, రాత్రి భోజనములును అయిదేసి రూపాయలు. 2019లో ప్రభుత్వము మాఱగా అవి మూతపడినవి. 2024 ఆగస్టు 15న గుడివాడలో మరల తెఱువబడినవి. ఈ తెఱచుట, మూయుటలను గూర్చిన రాజకీయ వాదములు మా ప్రసంగమునకు వెలుపలివి. కాని ఒక మాట చెప్పకుండజాలము. పూటకూటి యిల్లు నిలిచినది వెల తక్కువ యైనందున మాత్రమే కాదు. రేపును ఆ వేళకు ఆ తలుపు తెఱచియుండు నన్న నమ్మకముచేత. కూలివాడు తన దినపు లెక్కను ఆ నమ్మకము మీదనే కట్టుకొనును. ఆ తలుపు ఒక్క ఉదయమున మూతపడినచో అతని లెక్క మొత్తము తప్పును.

2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినది. గోదావరి లంకలలో ఆకలిగొని వచ్చినవారికెల్ల అన్నము పెట్టిన ఆ మహాతల్లి 1909లో గతించిరి. అన్నదాతను స్మరించుట మనకు తెలియును. అన్నమును న్యాయమైన వెలకు అమ్మిన పూటకూళ్ళమ్మలను స్మరించుట ఇంకను నేర్చుకొనవలసి యున్నది. వారి వలననే ఊరుగాని ఊర దిక్కులేనివాడు ఎవరి దయయు కోరక, తల వంచక, తన డబ్బుతో తాను తినగలిగెను.

చదువరులకు మా మనవి యొకటి. మీ పేటలో ముప్పది నలువది యేండ్లుగా నడచుచున్న మెస్సో, ఇడ్లీబండియో ఉండకపోదు. దానిని ఎవరు పెట్టిరి, ఎక్కడినుండి వచ్చిరి, మొదటి దినమున భోజనము వెల యెంత, అప్పుడు ఎవరెవరు తినెడివారు – వీలు చూచుకొని అడిగి ఒక కాగితము మీద వ్రాసి యుంచుడు. లక్ష్మణవజ్ఝల యింటి వెలను ఒక కవి వ్రాసెను గనుక మనకు దక్కినది. నేటి మెస్సుల పలకల మీది ధరలను ప్రతి సాయంకాలము తుడిచివేయుచున్నారు.