మాటలు నేర్చిన చెల్లెలు

1945 జూన్ 5న అమెరికా విమానాలు జపాన్‌లోని కోబే నగరం మీద నిప్పుబాంబులు కురిపించాయి. ఆ దాడిలో అకియుకి నొసాకా అనే పద్నాలుగేళ్ల కుర్రాడు పెంపుడు తండ్రిని పోగొట్టుకున్నాడు. చంటి చెల్లెలు కేయికోతో ముందు నిషినోమియాలో, తర్వాత ఫుకుయిలో తలదాచుకున్నాడు. ఆగస్టులో ఆ పిల్ల తిండిలేక చనిపోయింది. అప్పటికి ఏడాదిన్నర కూడా నిండలేదు.

ఇరవై రెండేళ్ల తర్వాత, 1967లో, నొసాకా ‘హొతారు నో హకా’ రాశాడు. పేరుకు అర్థం మిణుగురుల సమాధి. నవల అంటుంటారు గానీ నిజానికది పెద్దకథ. అందులో చెల్లెలు సెత్సుకోకు నాలుగేళ్లు. అంటే ఆమెకు మాటలు వచ్చు: ఆకలంటుంది, మారాం చేస్తుంది, అమ్మ ఏదని అడుగుతుంది. అన్న సెయిటా ఆమె కోసం దొంగతనానికైనా వెనుదీయడు. తానలాంటి అన్నను కానని నొసాకా తర్వాత ఎన్నోసార్లు ఒప్పుకున్నాడు. చెల్లెలి వాటా తానే తినేశాననీ, ఏడుపు మాన్పించడానికి తలమీద కొట్టాననీ చెప్పాడు. తాను చేయలేని పనిని సెయిటా చేత చేయించి, చివరికి అతన్నీ సాన్నొమియా స్టేషన్లో ఆకలితో చంపేశాడు. ఈ కథను నేను జ్ఞాపకంగా కాక, నేరాంగీకారంగా చదువుతాను. మిణుగురుకు వాడుకలో ఉన్న అక్షరం వదిలి, ‘నిప్పు’, ‘వేలాడు’ అనే అర్థాల అక్షరాలతో పేరు రాయడంలోనే ఆకాశం నుంచి జారే బాంబులు కనిపిస్తాయి. కథ నిండా ఫుల్‌స్టాప్ కోసం వెతుక్కోవాల్సినంత పొడవైన వాక్యాలు, కాన్సాయి ప్రాంతపు యాస. ఈ కథకూ, మరో కథకూ కలిపి నొసాకాకు నవోకి సాహిత్య పురస్కారం దక్కింది.

1988 ఏప్రిల్‌లో ఇసావో తకహతా దీన్ని ఘిబ్లీ స్టూడియోలో యానిమేషన్ చిత్రంగా తీశాడు. అతనూ తొమ్మిదేళ్ల వయసులో ఒకయామా దాడి నుంచి పరుగెత్తి బతికినవాడే. సెత్సుకోకు నిజంగానే ఓ చిన్నపిల్ల చేత మాట్లాడించాడు. బొమ్మల అంచులకు నలుపు బదులు గోధుమరంగు వాడించాడు. పని విడుదల నాటికి పూర్తికాక, సెయిటా కూరగాయలు దొంగిలిస్తూ పట్టుబడే ఘట్టం రంగులు పడకుండానే తెరకెక్కింది. పైగా ఒకే టికెట్టు మీద అదే స్టూడియోలో మియజాకి తీసిన పిల్లల చిత్రం ‘టొటోరో’ కూడా! పిల్లల్ని నవ్వించి, వెంటనే ఇది చూపించిన థియేటర్లలో పరిస్థితి ఊహించుకోవచ్చు.

అందరూ దీన్ని యుద్ధవ్యతిరేక చిత్రమన్నారు. తకహతా ఒప్పుకోలేదు. పెద్దల మాటలు పడలేక లోకాన్నే వదిలి గుహలో కాపురం పెట్టిన సెయిటాలో అతనికి తన కాలపు యువకులు కనిపించారు. నొసాకా తన తప్పును కడిగి సృష్టించిన అన్నను, తకహతా మళ్లీ ప్రశ్నించాడు.

2005లో నిప్పన్ టీవీ నాటకం కథను పిల్లలకు ఆశ్రయమిచ్చిన పిన్ని వైపునుంచి చెప్పింది. ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టాల్సిన ఇల్లాలు కథ నడుపుతుంటే, తప్పెవరిదన్న ప్రశ్న మరింత చిక్కుపడింది. 2008లో నటీనటులతో వచ్చిన సినిమా కొత్తగా చేర్చింది తక్కువే.

సెత్సుకో చేతిలోని డ్రాప్స్ మిఠాయి డబ్బా మాత్రం కథ దాటి బజారుకెక్కింది. సకుమా సంస్థ ఆమె బొమ్మతోనే డబ్బాలు అమ్మింది. ఎర్ర డబ్బా తయారుచేసే ఆ కంపెనీ 2023 జనవరిలో మూతపడింది.