తక్కెడ ఎవరి చేతిలో? అరకు కాఫీ భాగస్వామ్యంపై ఒక మదింపు

కొత్తవలస–కిరండూల్ రైలుమార్గాన్ని 1960లలో వేసింది బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు పంపడానికి. ఆ పట్టాలు అరకు మీదుగానే వెళ్తాయి. అయినా ఆ ఖనిజం విలువలో అరకుకు దక్కింది తక్కువ: ఒక స్టేషను, దాని వెంట వచ్చిన పర్యాటకులు. తరవాత అనంతగిరి, గాలికొండ, జెర్రెల బాక్సైటు మీద గిరిజనులు చేసిన పోరాటాల వెనక ఈ అనుభవం కూడా ఉంది. కొండ సరుకు కిందికి దిగినప్పుడు దాని విలువలో ఎంత పైన మిగులుతుంది? అరకు కాఫీ చుట్టూ ఏర్పడిన స్వచ్ఛంద సంస్థ–కార్పొరేట్ భాగస్వామ్యాన్ని ఈ వ్యాసం అదే ప్రశ్నతో పరిశీలిస్తుంది. పతకాలనూ మొక్కల లెక్కలనూ పక్కన పెట్టి, ధర ఎవరు నిర్ణయిస్తున్నారు, నష్టం ఎవరు మోస్తున్నారు అన్న రెండింటినే ఇక్కడ కొలబద్దలుగా తీసుకున్నాను.

ముందు పాత్రధారులు. నాంది ఫౌండేషన్ 1998లో హైదరాబాదులో పుట్టింది. డాక్టర్ రెడ్డీస్ అధిపతి కె. అంజిరెడ్డి దాని స్థాపకుల్లో ముఖ్యుడు. అంటే ఇది పుట్టుకతోనే పరిశ్రమాధిపతుల అండ ఉన్న స్వచ్ఛంద సంస్థ. మనోజ్ కుమార్ నాయకత్వంలో అరకు కాఫీ రైతులతో పని మొదలుపెట్టాక, చిన్న, సన్నకారు గిరిజన రైతులను 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద ఒక సంఘంగా కూర్చింది. ఆ చట్టాన్ని ఎంచుకోవడం చిన్న విషయం కాదు. 1964 నాటి సహకార సంఘాల చట్టం కింద నడిచే సంఘాల్లో ప్రభుత్వ వాటాధనం, దాని వెంట రిజిస్ట్రారు పెత్తనం ఉంటాయి. 1995 చట్టం కింద ఏర్పడిన సంఘం తన పాలకవర్గాన్ని, తన నియమావళిని తానే చూసుకుంటుంది.

కంపెనీలు మూడు తలుపుల గుండా లోపలికి వచ్చాయి. మొదటిది దానం: మహీంద్రా గ్రూపు 2007లో మొదలుపెట్టిన హరియాలీ మొక్కల కార్యక్రమంలో పెద్ద భాగం నాంది ద్వారా అరకులోనే సాగింది. రెండోది కర్బన పెట్టుబడి: డానోన్ చొరవతో 2011లో ఏర్పడిన లైవ్‌లీహుడ్స్ నిధిలో ష్నైడర్ ఎలక్ట్రిక్, మిషెలిన్, హెర్మెస్, శాప్, ఫ్రెంచి తపాలా సంస్థ వంటివి చేరాయి, అరకు ఆ నిధి తొలి ప్రాజెక్టుల్లో ఒకటి. మూడోది వ్యాపారం: ఆనంద్ మహీంద్రా, క్రిస్ గోపాలకృష్ణన్, సతీశ్ రెడ్డి వంటివారు వ్యక్తిగతంగా వెన్నుదన్నుగా నిలిచిన ‘అరకు’ బ్రాండు 2017లో పారిస్‌లో దుకాణం తెరిచింది, 2021లో బెంగళూరులో కెఫే పెట్టింది. మనవాళ్లు ఈ మూడింటినీ కలిపి ‘కార్పొరేట్ సాయం’ అనేస్తుంటారు. నిజానికి దాత తిరిగి ఏమీ ఆశించడు, నిధి కర్బన క్రెడిట్లు ఆశిస్తుంది, బ్రాండు లాభం ఆశిస్తుంది. మూడింటినీ ఒకే లెక్కతో తూచకూడదు.

ఇంకొకరున్నారు. వాళ్లను మరిచిపోయి రాసిన అరకు కథలు చాలానే చదివాం. కాఫీని ఈ కొండలకు తెచ్చింది నాంది కాదు. తూర్పు గోదావరి ఏజెన్సీలోని పాములేరు లోయలో 1898లోనే నాటారు; అక్కడి నుంచి అరకు వైపు పాకింది. తరవాత అటవీ శాఖ, కాఫీ బోర్డు, పాడేరులోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) దశాబ్దాల పాటు పోడు రైతును కాఫీ వైపు మళ్లించాయి. 1956లో ఏర్పడి విశాఖ కేంద్రంగా నడుస్తున్న గిరిజన సహకార సంస్థ, అందరూ జీసీసీ అనేది, కాఫీ కొంటుంది, తన సొంత అరకు బ్రాండుతో అమ్ముతుంది కూడా. 2015లో రాష్ట్ర ప్రభుత్వం పాడేరు ఏజెన్సీలో లక్ష ఎకరాల కొత్త కాఫీ లక్ష్యంగా 500 కోట్ల రూపాయలకు పైబడిన పథకం తెచ్చింది. కాబట్టి ఇవాళ పెదబయలులోనో హుకుంపేటలోనో ఒక రైతు ఆదాయం పెరిగిందంటే అందులో ఎవరి వాటా ఎంతో తేల్చడం మామూలు పని కాదు. ఆయన తోటలో మొక్క ఐటీడీఏది, నీడనిచ్చే సిల్వర్ ఓక్ ఆ పథకానిదే, మధ్యలో పండ్ల చెట్లు కర్బన నిధివి, ఎరువు తయారీ నేర్పింది నాంది. ఒకే చెట్టు రెండు నివేదికల్లో పడకుండా చూడటం ఏ మదింపుకైనా మొదటి పని కావాలి.

ఎర్ర పండు, ఎక్కువ కూలి

ఈ భాగస్వామ్యం తెచ్చిన మార్పుల్లో నాకు అన్నిటికన్నా లోతైనదిగా కనిపించేది కాయ కోసే పద్ధతి. పాత రోజుల్లో రైతు కొమ్మకున్న కాయంతా ఒకేసారి దూసేవాడు. పచ్చివి, దోరవి, పండినవి కలిసిపోయేవి. ఇంటి దగ్గరే చిన్న పల్పరుతో పై తోలు తీసి, కడిగి, వాకిట్లోనో రోడ్డు వారనో ఆరబెట్టి, లోపలి పొర తీయని ఆ గింజను, అంటే పార్చ్‌మెంటును, సంతలో షావుకారుకు వేసేవాడు. షావుకారు అప్పటికే వానాకాలంలో అడ్వాన్సు ఇచ్చి ఉండేవాడు కనుక ధర గురించి బేరానికి తావు తక్కువ. నాంది ఈ వరస మార్చింది. ఎర్రగా పండిన పండునే కోయాలి, కోసిన రోజే ఊళ్లో తూచి ఇచ్చెయ్యాలి, మిగతా పని అంతా అరకులోని ఉమ్మడి కేంద్రంలో జరుగుతుంది. 2009 నుంచి ‘జెమ్స్ ఆఫ్ అరకు’ పేరుతో ఏటా రుచి పోటీ పెట్టి, ఏ ఊరి కాఫీకి ఎన్ని మార్కులో బయటి నిపుణుల చేత చెప్పించారు. తన పంట రుచి ఎలా ఉంటుందో ఎప్పుడూ ఎరగని రైతుకు ఇది కొత్త సమాచారం. 2018లో పారిస్ పోటీలో బంగారు పతకం వచ్చింది. మరుసటి ఏడు అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

అయితే ఎర్ర పండే కోయాలంటే ఒక చెట్టు చుట్టూ ఒకసారి తిరిగితే చాలదు. నవంబరు నుంచి సంక్రాంతి దాటేదాకా నాలుగైదు విడతలు తిరగాలి. కోతపని ఎక్కువగా ఆడవాళ్లది. కిలో శుద్ధ కాఫీకి అయిదారు కిలోల పండు కావాలి, అది వాలు నేల మీద, మోకాలెత్తు పొదల మధ్య నుంచి వీపు మీద మోసుకు రావాలి. కిలో పండుకు వచ్చే ధర పెరిగిందని మాత్రమే రాస్తే ఈ అదనపు విడతల కూలి కనిపించదు. ఇంటి మనుషుల శ్రమకు కూలి కట్టి తీసేశాక మిగిలేదే అసలైన లాభం. దానికి ఎదురుగా, పల్పరు పని, ఆరబోత, వాన భయం రైతు నెత్తి మీద నుంచి దిగిపోయాయన్నదీ లెక్కలోకి రావాలి. ఈ రెంటి తేడా ఊరు మారితే మారుతుంది: నీళ్లు దూరంగా ఉన్న ఊళ్లలో పండుగా అమ్మడం పెద్ద ఊరట, కూలీలు దొరకని ఊళ్లలో అదే బరువు.

పోలిక ఎక్కడ తప్పుతుంది

మదింపు చేసేవాళ్లు సాధారణంగా సంఘంలో ఉన్న రైతులనూ లేని రైతులనూ పక్కపక్కన పెట్టి ఆదాయాల తేడా చూస్తారు. అరకులో ఈ పద్ధతి భాగస్వామ్యానికే అన్యాయం చేస్తుందని నా వాదన. ఒక ఊళ్లో కొత్త కొనుగోలుదారు బరువు సరిగ్గా తూచి, డబ్బు సకాలంలో ఇస్తే షావుకారూ ధర పెంచక తప్పదు. జీసీసీ సీజను ముందే ధర ప్రకటించడం కూడా అదే పని చేస్తుంది. అప్పుడు సంఘంలో లేని రైతూ లాభపడతాడు, రెండు గుంపుల మధ్య తేడా తగ్గిపోతుంది, నివేదికలో ‘ప్రభావం స్వల్పం’ అని పడుతుంది. జరిగింది మాత్రం ఊరంతా బాగుపడటం. కాబట్టి పోల్చాల్సింది రైతునూ రైతునూ కాదు. ముగ్గురు కొనేవాళ్లున్న ఊరినీ ఒక్కడే ఉన్న ఊరినీ. చింతపల్లి, కొయ్యూరు వైపు లోపలి గ్రామాలు ఇందుకు పనికొస్తాయి.

దీన్నిబట్టి ఇంకో మాట కూడా వస్తుంది. సంఘ సభ్యుడు తన పండులో కొంత బయటివాడికి అమ్మితే ప్రాజెక్టు భాషలో అది విశ్వాసఘాతుకం. నేను దాన్ని రైతు ఇచ్చిన తీర్పుగా చదువుతాను. న్యూయార్కు మార్కెట్లో అరబికా ధర 2018–19లో పౌను డాలరు కన్నా కిందికి పడింది. 2025 ఫిబ్రవరి నాటికి నాలుగు డాలర్లు దాటింది. పడిన ఏడాది రైతులంతా సంఘం తక్కెడ దగ్గరికి వస్తే, పెరిగిన ఏడాది షావుకారు దగ్గరికి పోతే, ఆ సంఘం వాళ్లకు ధరల బీమాగా పనిచేస్తోందన్నమాట. అది మంచి సేవే, కానీ ఖర్చుతో కూడిన సేవ. ఆ ఖర్చు భరిస్తున్నది దాతా, బ్రాండా అన్నది తెలియాలి. పెరిగిన ఏడాది కూడా సభ్యులు నిలబడితే అప్పుడు దాన్ని భాగస్వామ్యం అనవచ్చు. ఏడాదికేడాది ఒక్కో సభ్యుడి దిగుబడి అంచనాలో సంఘానికి వేసిన వాటా ఎంత, ఈ ఒక్క అంకె నాకు పది విజయగాథల కన్నా విలువైనది.

చెట్టు రైతుది, గాలి ఎవరిది

కర్బన నిధి పనిచేసే తీరు మన రైతులకు అలవాటైన సబ్సిడీ లాంటిది కాదు. కంపెనీలు ముందే డబ్బు పెడతాయి. దానితో నర్సరీలు, మొక్కలు, శిక్షణ వస్తాయి. చెట్లు పెరిగి గాలిలోని కర్బనాన్ని పట్టుకున్న కొద్దీ, రెండు దశాబ్దాల పాటు, కొలిచి ధ్రువీకరించిన క్రెడిట్లు ఆ కంపెనీలకు వెళ్తాయి. తమ ఉద్గారాల లెక్కలో వాటిని చూపుకుంటాయి. రైతుకు పండ్లు, కలప, నీడ, మట్టి మిగులుతాయి. ఈ ఏర్పాటులో మెచ్చుకోవాల్సింది ఉంది: మొక్క చచ్చిపోతే నష్టం మొదట నిధిదే, రైతు అప్పు పడడు. చిన్న రైతును వ్యవసాయ ప్రయోగాలకు బలిచేసిన ఎన్నో పథకాలు చూసిన మనకు ఇది తక్కువేమీ కాదు.

చిక్కు కాలంతో వస్తుంది. క్రెడిటు ధర నాటిన నాడు ఒకటి, పదిహేనేళ్లకు మరొకటి. పెరిగితే ఆ పెంపులో రైతుకు వాటా ఉందా? ఇరవై ఏళ్లలో తండ్రి పేరున్న పట్టా కొడుకుల మధ్య పంచుకుంటారు. వాళ్లలో ఒకడు పెళ్లి ఖర్చుకు రెండు చెట్లు కొట్టుకోవాలనుకుంటే? ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకు బదలాయించకుండా 1970 నాటి 1వ నంబరు నిబంధన కాపాడుతుంది, 1997 సమతా తీర్పు ఆ రక్షణను గనుల లీజులకూ చాచింది. కానీ భూమి కదలకుండానే దాని మీది గాలి విలువ బదిలీ కావడాన్ని ఆ చట్టాలు రాసినవాళ్లు ఊహించి ఉండరు. షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీలను విస్తరించిన 1996 పీసా చట్టం కింద గ్రామసభకు ఉన్న అధికారాన్ని ఇలాంటి ఒప్పందాలకూ వర్తింపజేసి, కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఊళ్లలో వాటిని ఆ భాషల్లోనే చదివి వినిపించడం న్యాయమైన పద్ధతి.

బ్రాండు సంగతిలో ఇంత వివరణ అక్కర్లేదు. కప్పు ధరలో రైతు వాటా శాతం ఎప్పుడూ చిన్నగానే కనిపిస్తుంది; వేయింపు, అద్దె, జీతాలు, ప్యాకింగు మధ్యలో ఉన్నాయి. అడగాల్సింది వాటాధనంలో సంఘానికి చోటుందా, ‘అరకు’ అన్న పేరు విలువ పెరిగితే ఆ పెరుగుదల ఎక్కడ జమ అవుతోంది అని. పేరు ఊరిది కనుక ఈ ప్రశ్న జీసీసీకీ వర్తిస్తుంది. 2020లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఆహార వ్యవస్థల పోటీలో ప్రపంచంలోని పది ఉత్తమ ప్రణాళికల్లో ఒకటిగా నిలిచిన ‘అరకునామిక్స్’లో రైతు లాభమే మొదటి సూత్రం. ఆ సూత్రానికి ఇంతకన్నా గట్టి పరీక్ష లేదు.

2025లో అరకు తోటల్లో కాఫీ కాయ తొలుచు పురుగు కనిపించింది. నీలగిరుల్లో 1990లోనే దిగిన ఈ పురుగు అప్పటిదాకా అరకు జోలికి రాలేదు. ఆడ పురుగు కాయ ముక్కు దగ్గర సూదిమొన అంత బెజ్జం పెట్టి గింజలో గుడ్లు పెడుతుంది. సేంద్రియ ధ్రువీకరణ ఉన్న తోటలో రసాయనం కొట్టడానికి వీల్లేదు. చెట్టు మీద మిగిలిన ప్రతి కాయా దూయాలి, నేల రాలినవి ఏరాలి, మరిగే నీళ్లలో ముంచాలి, బవేరియా శిలీంధ్రం చల్లాలి. అన్నీ కూలితో కూడిన పనులే. ప్రభుత్వం తెగులు సోకిన కాయను తీయించి పూడ్పించే పనీ, పరిహారమూ చేపట్టింది. సేంద్రియమన్న ముద్ర వల్ల సీసా మీద ధర పెరిగి, అదే ముద్ర వల్ల తోటలో ఖర్చు పెరిగినప్పుడు ఆ ఖర్చులో బ్రాండు వాటా, కర్బన నిధి వాటా, సంఘం వాటా ఎంతెంతో ఒప్పందంలో ముందే రాసి ఉండాలి. వచ్చే రెండు మూడు సీజన్ల పద్దుల్లో మదింపుదారులు మొదట తిరగేయాల్సిన పేజీ అదే.