చలికాలంలో పుట్టిన పొగమాంసం

ఒట్టి తునకలు తెలియనివాళ్లు మనలో తక్కువే. మాంసం పొడుగ్గా చీల్చి, ఉప్పూ పసుపూ పట్టించి దండెం మీద ఆరేస్తే నాలుగైదు మంచి ఎండలకు గట్టిపడిపోతాయి. మనకి ఆ పని చేసిపెట్టేవాడు సూర్యుడు. ఎండ సరిగా కాయని దేశాల రైతులు మాత్రం పొగని నమ్ముకున్నారు.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, అమెరికాలో ఉన్న మన పిల్లల్లో కొందరు కరెంటు స్మోకర్లు కొంటున్నారు. కింద హీటరు, దాని మీద చెక్కముక్కల పళ్లెం, పైన మాంసం. అంతే, పెద్ద విద్యేం కాదు. మంచు పడితే ఆ పెట్టె వేడెక్కదు. అప్పుడు దాన్ని గ్యారేజీలోకో వంటింట్లోకో తెచ్చుకోవచ్చా అని అడుగుతుంటారు. విచిత్రం ఏంటంటే, ఆ దేశంలో ఒకప్పుడు చలి లేకపోతే పొగమాంసమే లేదు.

వర్జీనియా వైపు పాత రైతు ఇళ్ల వెనక చిన్న చదరపు కొట్టు ఒకటి కనిపిస్తుంది. కిటికీ ఉండదు, పొగగొట్టం ఉండదు. మట్టినేల మధ్యలో హికరీ లాంటి గట్టి కట్టె నిప్పు, పైన దూలాలకి వేలాడే పంది తొడలు. పొగ కప్పు సందుల్లోంచి మెల్లగా పోతుంది. తలుపుకి తాళం. మనకి ధాన్యం గాదె ఎలాగో వాళ్లకి ఆ కొట్టు అలాగ, ఏడాది తిండి అందులోనే.

పందుల్ని కోసేది గట్టి చలి మొదలయ్యాకే. ఎందుకో చూడండి. పెద్ద తొడలో ఎముక దాకా ఉప్పు దిగడానికి వారాలు పడుతుంది. ఈలోగా వాతావరణం వేడెక్కిందా, ఎముక దగ్గర నుంచే కుళ్లుతుంది. మరీ గడ్డకట్టే చలైతే ఉప్పు లోపలికి దిగదు. ఆ రెండింటి మధ్య చలి కావాలి, మన నారుమడికి అదును చూసుకున్నట్టే. ఉప్పు పట్టిన తర్వాతే పొగ, అదీ చల్లటి పొగ. ఉడికించడానికి కాదు. పైపొరని ఆరబెట్టి, ఈగలు వాలకుండా, బూజు పట్టకుండా చూడటానికి. అంటే మాంసాన్ని నిజంగా కాపాడింది చలి, ఉప్పు. పేరు మాత్రం పొగకి వచ్చింది!

మరి ఇంట్లోనే పొగబెట్టినవాళ్లు లేరా? ఉన్నారు. జర్మనీలో వెస్ట్‌ఫాలియా రైతు ఇళ్లలో మనుషులు, పశువులు, పంట అన్నీ ఒకే కప్పు కింద. పొగగొట్టం లేదు. పొయ్యి పొగ పైకి పోతూ తొడల్నీ, అటక మీద పంటనీ ఆరబెట్టేది. నాగాలాండ్‌లో ఈనాటికీ పొయ్యి పైన వెదురు తడకల మీద పందిమాంసం పొగలో ఆరుతుంది. అయితే అవి సందులున్న ఇళ్లు, గాలి ఆడే ఇళ్లు. అయినా కళ్లమంటా దగ్గూ తప్పలేదు. ఆ భారం ఎక్కువగా ఆడవాళ్లే మోశారు.

వాతావరణం మీద ఆధారపడటాన్ని తగ్గించింది స్కాట్లాండ్. అబర్డీన్‌లోని టోరీ పరిశోధనా కేంద్రంలో 1939లో చేపల కోసం కొత్త పొగకొలిమి తయారు చేశారు. అంతకుముందు తేమ రోజుల్లో చేప ఆరేది కాదు, పైన ఒకరకం కింద ఒకరకం. కొత్తదాంట్లో పొగకి వేరే నిప్పు, వేడికి వేరే హీటరు, గాలి తిప్పడానికి ఫ్యాను. 1960లలో అమెరికాలో ఒరెగాన్‌లోని హుడ్ రివర్ నుంచి లిటిల్ చీఫ్ అనే చిన్న అల్యూమినియం పెట్టె ఇళ్లకొచ్చింది. 250 వాట్లే, మన ఇస్త్రీపెట్టెలో మూడో వంతో నాలుగో వంతో. చలిగాలి తగిలితే దాని వేడంతా గాలిపాలు. అందుకే అది వచ్చిన అట్టపెట్టెనే మీద బోర్లించి వాడుకునేవాళ్లు.

ఫ్రిజ్ వచ్చాక వారాల తరబడి ఉప్పు పెట్టడం తగ్గింది. ఇప్పుడు పొగ రుచికే. ఉప్పు తగ్గాక కాపాడాల్సింది వేడి. అది చాలకపోతే మాంసం 4 నుంచి 60 డిగ్రీల మధ్య గంటలకొద్దీ నానుతుంది, క్రిములకి అదే పండగ. 1963లో అమెరికాలో గాలి తీసి ప్యాక్ చేసిన పొగచేప తిని బాటులిజం విషంతో మనుషులు చనిపోయారు. ఆ తర్వాత అలాంటి చేపని లోపల 82 డిగ్రీల వేడిలో అరగంట ఉంచాలని నిబంధన పెట్టారు.

ఇక ఇంట్లోకి తేవడం. కరెంటుదే కదా అనుకోకండి, పొగ వచ్చేది చెక్క మాడితేనే. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగూ వాసనా లేవు. చలిదేశపు ఇళ్లు గాలి చొరకుండా బిగించి కట్టినవి, వెస్ట్‌ఫాలియా పాకలు కావు. గ్యారేజీ తలుపు తెరిచి పెట్టినా సరిపోదు.

మీ పిల్లలు అడిగితే ఇలా చెప్పండి: పెట్టె బయటే, ఇంటి గోడకి దూరంగా, గాలివాటు లేనిచోట పెట్టాలి. పొగ వాసన పట్టడానికి గంటో గంటన్నరో చాలు. తర్వాత మాంసాన్ని వెంటనే ఇంట్లో ఓవెన్‌లోకి మార్చి, థర్మామీటర్ గుచ్చి చూసి, లోపలిదాకా ఉడికించుకోవాలి.